గుడ్డలో కుట్టిన ఉత్తరం

"పిండిలో ఫోను పెట్టేదేంది మామా?"

అనుపమ ఒక చేత్తో రాగిపిండి డబ్బా మూత, ఇంకో చేత్తో కూతురి ఫోను పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. ఫోను అద్దం నిండా పిండి. చార్జింగు తీగ పెట్టే బొక్కలో కూడా పిండి.

వరండాలో ఇనప కుర్చీలో కూర్చున్న కేశవులు తల తిప్పలేదు. "పెట్టినా. మూత గూడా బిగించినా. ఇంగ దానికేమీ ఇనపడదు."

"ఆపేసిన ఫోను ఏమీ వినదు తాతా." నందిని తల దువ్వుకుంటున్నది కాస్తా దువ్వెన జుట్టులోనే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఆపేసినానని పోయిన వారం గూడా నువ్వే చెప్పినావు."

నందిని ఫోను లాక్కుని చున్నీతో తుడుచుకుంటూ లోపలికి పోయింది.

"రెండు కేజీల పిండి!" శాంతమ్మ అప్పుడే అందుకుంది. "నిన్న ఎండలో నడిచిపోయి మర పట్టించుకొచ్చినా. ఆ ఫోను ఈ పిల్ల యాడికి తీసకపోదు? దొడ్లోకి గూడా ఎత్తకపోతాది. ఆ పిండి నా నోట్లోకి పోదు. పారెయ్."

"పారేసేదేంది?" కేశవులు కుర్చీలోంచే అరిచాడు. "ఇసక పడిన చపాతీలు తిని బతికినాం మేము."

"నువ్వు తింటే తిను. నన్నేంటికి తినమంటావు?"

"జల్లెడ పడతా లే అత్తా" అంది అనుపమ.

"పట్టు, పట్టు. ఈ ఇంట్లో ఏది పైన నిలబడల్ల, ఏది కిందికి రాలల్ల అనేది తేల్చేది నువ్వే గదా ఇప్పుడు."

అనుపమ జల్లెడ తీసింది. తొమ్మిది రోజులుగా ఈ ఇంట్లో ఉప్పు గురించి మొదలైనా, నీళ్ళ డ్రమ్ము గురించి మొదలైనా, ప్రతి మాటా తిరిగి తిరిగి ఆ ఒక్క మాట దగ్గరికే వచ్చి ఆగుతోంది.

అనంతపురం కాలేజీలో నందినికి చరిత్ర చెప్పే శ్రీరంగప్ప సారు ఈ ఏడు పిల్లలకొక పని అప్పగించాడు. యుద్ధం చూసివచ్చిన ముసలి సిపాయిలు జిల్లాలో ఎవరెవరు మిగిలారో వెతకాలి. వాళ్ళ మాటలు రికార్డు చేయాలి. అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టి, వాళ్ళకే చదివి వినిపించి, సంతకం చేయించుకోవాలి. సంతకం ఉంటే ఆ గొంతు కాలేజీ ఆర్కైవులో పదిలంగా ఉంటుంది. చెప్పినవాళ్ళు వద్దంటే, మారు మాట్లాడకుండా తుడిపేయాలి. అది ఆయన పెట్టిన కట్టుబాటు.

నందిని ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. 1971 యుద్ధంలో సైన్యం లారీ తోలిన హవల్దారు కేశవులు ఇంట్లోనే ఉన్నాడు.

రెండు గంటలు మాట్లాడాడు. అంతా అయిపోయాక గేటు దగ్గర స్నేహితురాలు శశి పిలిస్తే నందిని లేచి వెళ్ళింది. అప్పుడు అనుపమ టీ తెచ్చింది. గ్లాసు అందుకుని, కోడలి మొహం చూడకుండా అన్నాడాయన.

"ఆ పిల్లకు చెప్పలేదు గానీ అనుపమా, యేసన్నను చంపింది శత్రువు గాదు. నేను. మూడు దినాలు నిద్దర లేకుండా బండి తోలినా. తెల్లారుజామున కన్ను మూతపడింది. బండి బోర్లా పడింది. వాడు నా పక్కనే కూర్చోనుండె."

కుర్చీ పక్కన స్టూలు మీద ఫోను నడుస్తూనే ఉంది. ఆ సంగతి ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అన్నది ఈ ఇంట్లో ఇంకా తేలలేదు.

యేసన్నది ఈ ఊరే. ఇద్దరూ ఒకే బస్సెక్కి సైన్యంలో చేరడానికి పోయారు. తిరిగొచ్చింది ఒకడు. శత్రువు తూటాకు రొమ్ము చూపించి యేసన్న ప్రాణం వదిలాడని ఆ వచ్చినవాడే ఊరికి చెప్పాడు. ఇప్పుడు బడి గేటు మీద ఆ పేరే ఉంది. ఏటా ఆగస్టు పదిహేనున ఆ గేటు కిందే కేశవులు ఉపన్యాసం. ముందు వరసలో తెల్లచీర కట్టుకుని కూర్చునేది ఎస్తేరమ్మ. యేసన్నతో ఆరు నెలలు కాపురం చేసి, యాభై నాలుగేళ్ళుగా ఆయన పేరు మోస్తున్న మనిషి.

పండక్కో పబ్బానికో ఎస్తేరమ్మ ఈ ఇంటికి వస్తే వరండా మెట్టు మీదే కూర్చుంటుంది. తానూ యేసన్నా ఒకే పళ్ళెంలో తిన్నామని కేశవులు చెప్పే మాట ఆమె ఎన్నిసార్లు విన్నా ఆ మెట్టు మీద నుంచే విన్నది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. అనుపమ కూడా అనలేదు.

*

"యాభై ఏండ్లు" అంది శాంతమ్మ. పొయ్యి దగ్గర వేయించిన చెనక్కాయలకు పొట్టు నలుపుతోంది. "యాభై ఏండ్లు ఆయప్ప పక్కన పండుకున్యా. నిద్దట్లో ఉలిక్కిపడి లేస్తే నీళ్ళిచ్చినా. ఏమైందంటే కల అనేటోడు. నాకు చెప్పలేదు. టీ గ్లాసు చేతికిచ్చిందానికి నీకు చెప్పినాడు."

"నేనడగలేదత్తా."

"అదే చెప్తాండా. అడగకుండానే చెప్పినాడు. అడిగి అడిగి చచ్చింది నేను."

అనుపమ జల్లించిన పిండిని డబ్బాలోకి ఎత్తింది.

"ఏం మందు పెట్టినావో!" అత్త పొట్టు చెరిగి ఊదింది. అది పోయి అనుపమ చీర మీద పడింది. దులుపుకుంటే ఇంకో మాట వస్తుందని అనుపమ దులుపుకోలేదు.

పదకొండుకు అనుపమ మొగుడు జయచంద్ర వచ్చాడు. బోరు మోటార్లు బాగుచేసే షాపు అతనిది. ఈ ఏడు చినుకు లేక బోర్లన్నీ ఎండి, మోటార్లు కాలిపోయి, షాపు ముందు రైతులు వరసకట్టి ఉన్నారు. ఆ పని వదిలేసి నడిపొద్దున ఇంటికి వచ్చాడంటేనే వచ్చిన పని ఏమిటో అనుపమకు తెలిసింది.

"తుడిపేసినావా?" కూతుర్ని అడిగాడు, చెప్పులు విప్పకుండానే.

"లేదు నాయనా."

"మీ సారు పెట్టిన రూలేంది? వద్దంటే తుడపల్లనే గదా?"

"తాతనే నోటితో చెప్పల్ల. నువ్వు చెప్తే గాదు."

"ఓహో! తాత చెప్పల్ల. నువ్వు మాత్రం చాటుగా రికార్డు చేయొచ్చు."

"చాటుగా చేయలేదు. మర్చిపోయినా."

"మర్చిపోయింది నువ్వు. తలెత్తుకోని తిరగలేనిది నేను." జయచంద్ర గొంతు పెరిగింది. "చర్చి వీధోళ్ళంతా నా షాపు ముందర నిలబడి, మీ నాయన మా యేసన్నను చంపినాడంట గదప్పా అంటే ఏం చెప్పల్ల? మోటరు కాలిందని చెప్పనా? రాసిన పుస్తకం యాడుండాది?"

ఆ పుస్తకం అనుపమది. సైన్యం మాటలూ హిందీ మాటలూ కలిసిన తాత మాట నందిని చెవికి ఆనక, రాయడం తల్లి మీద పడింది. అనుపమ బీయే చదివి ఇరవై రెండేళ్ళయింది. పెళ్ళయ్యాక పాల లెక్క తప్ప ఏమీ రాయని చేత్తో, ఒక్కో ముక్క ఆపి ఆపి వింటూ రాసింది. దగ్గు వస్తే దగ్గు అని, మాట ఆగితే ఎన్ని సెకండ్లు ఆగిందో అది కూడా రాయాలన్నాడట సారు. అన్నీ రాసింది. చివరి నాలుగు కాగితాలు రాసేటప్పుడు మాత్రం తలుపు గడియ వేసుకుంది.

జయచంద్ర పుస్తకం బీరువా మీద నుంచి లాగాడు. వెనక నుంచి నాలుగు కాగితాలు చించాడు. దొడ్లో నీళ్ళు కాగే పొయ్యిలో వేసి, అవి నల్లబడి ముడుచుకునేదాకా నిలబడి చూశాడు.

"ఒగటి అయిపాయ" అన్నాడు లోపలికొస్తూ. "రెండోది అన్నం కాడ తేలల్ల. నాయనతోనే చెప్పిస్తా."

నందిని ఏడుస్తోంది. అనుపమ ఏడవలేదు. కాలినదాన్ని మళ్ళీ రాయమంటే ఒక్క మాట తేడా లేకుండా రాయగలదు. ఆ సంగతి తెలిసి ఆమెకే భయం వేసింది.

*

పన్నెండుకు శశి ఫోను చేసింది. పిండి పట్టిన ఫోనులో ఆ పిల్ల గొంతు గరగరమంటూ వచ్చింది. నందిని చేతులు తడిగా ఉండి స్పీకరు పెట్టింది.

"నందినీ, రేపు ఎస్తేరవ్వ రికార్డింగు ఖాయమే. ఆదివారం ప్రార్థన అయినాక రమ్మనింది. మన క్లాసు గిరి కెమెరా తెస్తాడు, పాత ఫోటోలు, కాగితాలు అన్నీ తీసుకోవల్ల గదా. ఇంగొకటి తెలుసా? ఆయన చచ్చిపోయినప్పుడు మిలిటరీ నుంచి వచ్చిన ఉత్తరం ఉండాదంట! ఇంగ్లీషులో. గుడ్డలో పెట్టి కుట్టి బైబులు కాడ పెట్టుకోనుండాది. మీ తాత ఒకసారి చదివి చెప్పినాడంట, అంతే, మళ్ళా ఎవురికీ ఇవ్వలేదు. రేపు మా ముందర కుట్లు విప్పుతుందంట. చదివి తెలుగులో చెప్పమనింది. మీ తాత గొంతుతో విన్నది ఇంగొకసారి వినల్లని ఉండాదంట ఆయమ్మకు."

నందిని తల్లి వైపు చూసింది. అనుపమ పొయ్యి ఆపింది.

అంతవరకూ ఇది తమ ఇంట్లో మాట. తుడిపితే పోయేది, దాస్తే దాగేది. రేపు మధ్యాహ్నం ఆ మాట, ఏమీ తెలియని పిల్లల నోటి నుంచి, కెమెరా ముందు, డెబ్బై మూడేళ్ళ మనిషి మీద పడబోతోంది.

"శశీ" అంది అనుపమ, ఫోను దగ్గరికి వంగి. "నేను నందిని వాళ్ళమ్మను. రొంత నిదానంగా చెప్పు. రేపు మీరు ఇంగొకరిని గూడా రికార్డు చేసుకుంటారా?"

*

ఒంటిగంటన్నరకు సంగటి ముద్దలు కంచాల్లో పడ్డాయి. పక్కన చెనక్కాయలు నూరిన పచ్చడి, ఊరుబిండి. శాంతమ్మ తన కంచంలో నిన్నటి అన్నమే పెట్టుకుంది. అందరికీ వడ్డించి చివర తినడం అనుపమకు అలవాటు. ఇవాళ తన కంచం కూడా తెచ్చి మామకు ఎదురుగా కూర్చుంది.

"చెప్పు నాయనా" అన్నాడు జయచంద్ర. "తుడిపేయమని నీ నోటితో చెప్పు. ఆ పిల్ల వింటాది."

కేశవులు ముద్ద తుంచాడు. "తుడిపెయ్."

"తుడిపే ముందర ఒక మాట వినండి మామా" అంది అనుపమ. "రేపు ఎస్తేరమ్మ ఆ ఉత్తరం కుట్లు విప్పుతాదంట. పిల్లోళ్ళతో చదివించుకుంటాదంట."

తుంచిన ముద్ద ఊరుబిండి దగ్గరికి పోలేదు.

"ఏం ఉత్తరం?" జయచంద్ర ఇద్దరినీ చూశాడు.

"దాన్ని నేను చదివినా" అన్నాడు కేశవులు. "ఇంగొకరు చదివే పని లేదు."

"మీరు చదివింది అందులో ఉండాదా?"

వీధిలో నీళ్ళ ట్యాంకరు హారను కొట్టుకుంటూ పోయింది. మామూలుగా అయితే బిందె తీసుకుని పరిగెత్తే శాంతమ్మ కదల్లేదు.

"లేదు" అన్నాడు కేశవులు.

"లారీ బోల్తా పడిందని ఉంటాది. రేపు పిల్లోళ్ళు గడగడా చెప్పేస్తారు. అందుకే ఆయమ్మకు ముందుగా మనమే..."

"ఆ ఒక్కటే గాదు." కేశవులు కోడలి మొహంలోకి సూటిగా చూశాడు. తొమ్మిది రోజుల్లో అదే మొదటిసారి. "బండి తోలింది యేసన్న అని ఉండాది."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైంది ముందు శాంతమ్మకే.

"అట్లని మిలిటరీవాళ్ళకు చెప్పిందెవురు?"

"బతికింది నేనొక్కణ్ణే. ఇంగెవురు చెప్తారు?" ఆయన గొంతులో జాలి లేదు, తన మీద కూడా. "విచారణ పెట్టినారు. తోలింది ఎవురని అడిగినారు. ఇరవై రెండేండ్లు నాకు. చచ్చినోనికి శిక్షేముంటాదిలే అనుకున్యా. వాని పేరు చెప్పినా. వాళ్ళు రాసుకున్యారు. ఆ రాసిందే ఉత్తరంలో వచ్చింది. ఆయమ్మ తెచ్చి చదవన్నా అని నా చేతిలోనే పెట్టింది."

"అయితే మంచిదే గదా!" జయచంద్ర మొహం ఒక్కసారిగా తేటపడింది. "కాగితంలో నీ పేరే లేదు. ఫోనులోది తుడిపేస్తే ఇంగ యాడా లేదు. చదువుకోనీ రేపు. మనకేం?"

"నాయనా!" నందిని అరిచింది. "రేపటి నుంచి ఆర్కైవులో ఏముంటాదో తెలుసా? యేసన్న తాత బండి తోలతా నిద్దరపోయి చచ్చినాడని ఉంటాది. బడి గేటు మీద పేరు తీసెయ్యమంటారు."

"అంటే అననీ. ఆయన లేసొచ్చి చూస్తాడా?"

"నోరు ముయ్‌రా" అంది శాంతమ్మ. కొడుకును ఆ మాట అనడం అనుపమ ఈ ఇంటికొచ్చాక వినలేదు.

కేశవులు ఎవరి మాటా పట్టించుకోలేదు. చూపు కోడలి మీదే ఉంది. "నువ్వొకటి చెప్పు. ఆ దినం ఫోను నడస్తాండేది నువ్వు చూసినావా, లేదా?"

"చూసినా."

నందిని తల్లి వైపు తిరిగింది. తొమ్మిది రోజులుగా తప్పంతా తనదేనని తిట్లు తిన్న పిల్ల.

"అంకెలు మారతాండేది చూసినా" అంది అనుపమ. "ఆపలేదు. మీకు చెప్పలేదు."

"ఏంటికి?"

"మీరు చెప్పింది నా కాడికొచ్చి ఆగిపోతాదని భయమేసింది మామా. యాభై నాలుగేండ్లు మీ కాడ ఆగినట్ల."

"మోసం!" జయచంద్ర కంచం పక్కకు తోశాడు. "ఇంటిల్లిపాదినీ మోసం చేసినావు నువ్వు. ఆ పిల్లను గూడా."

"మోసమే" అంది అనుపమ. "కాదనను." కూతురి వైపు చూడడానికి ప్రయత్నించి చూడలేకపోయింది. తర్వాత చెప్పాల్సిన మాటలు మామకు చెప్పింది, నిదానంగా, నిన్నటి నుంచి అనుకుని పెట్టుకున్నట్టు. నిజానికి అనుకున్నది ఇందాక పొయ్యి దగ్గరే.

"మీ గొంతు మీది. తుడిపేయమన్నారు, నందిని ఇప్పుడే మీ కండ్ల ముందర తుడిపేస్తాది. అడ్డం రాను. పుస్తకంలోది ఈయన కాల్చేసినాడు, అదీ అడగను. కానీ విన్నది నేను. నేను విన్నది నేను చెప్పుకునేదానికి నా సంతకం చాలు. రేపు ఎస్తేరమ్మది అయినాక నా మాట రికార్డు చేసుకోమని శశికి చెప్పినా. మామ నాతో ఏం చెప్పినాడో అంతా చెప్తా. ఇప్పుడు చెప్పింది గూడా."

"నీకేమన్నా పిచ్చా?" జయచంద్ర లేచి నిలబడ్డాడు.

"అంతకుముందు ఈ సాయంత్రం నాలుగ్గంటలకు ఆయమ్మ ఇంటికి పోతాండా. ఫోను తీసకపోను. కెమెరాల ముందర వినేటిదానికన్నా ముందు ఒక్కతే వినల్ల ఆయమ్మ. ఏడవల్లన్నా తిట్టల్లన్నా."

"పోతే మళ్ళా ఈ ఇంట్లోకి రావద్దు" అన్నాడు జయచంద్ర.

అనుపమ సంగటి ముద్ద తుంచింది. ఊరుబిండి అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

శాంతమ్మ మొగుడి వైపు చూసింది, కోడలి వైపు చూసింది. ఇద్దరిలో ఎవరిని ముందు తిట్టాలో తేలక అలాగే ఉండిపోయింది. నందిని ఫోను తీసి కంచం పక్కన పెట్టింది. తాత ఇంకోసారి చెప్తే తుడపడానికి వేలు సిద్ధంగా ఉంది.

కేశవులు ఇంకోసారి చెప్పలేదు.

"శనివారం నాలుగింటికి ఆయమ్మ చర్చి ఊడ్చను పోతాది" అన్నాడు. "పోయేదుంటే మూడింటికే పో."

"నువ్వూ వస్తావా తాతా?" నందిని అడిగింది.

ఆయన చెంబు ఎత్తి, సగం కూడా తినని సంగటి మీదే నీళ్ళు పోసి చెయ్యి కడిగాడు. కంచం ముందు నుంచి మాత్రం లేవలేదు.